హార్ట్ దంపతుల యింట్లో గిన్నెలెవరు తోముతారు?

యీ వ్యాసానికి ముందుమాటగా ఒక మిత్రుడి ఆక్షేపణ చెప్పాలి. "అమెరికా టెలివిజన్ వాళ్ళు నలభై యేళ్ళ కిందట కాలక్షేపం కోసం తీసిన డిటెక్టివ్ సీరియల్ మీద మన పత్రికలో వ్యాసమా? మనకు రాయడానికి యింకేమీ మిగల్లేదా?" అన్నారాయన. ఆయన నాకన్నా పెద్దవారు. గురజాడను, శ్రీశ్రీని వర్గదృష్టితో చదవడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అంచేత ఆ మాటను తేలిగ్గా తోసెయ్యలేకపోయాను. పైగా దాని వెనక గట్టి సంప్రదాయమే వుంది. 1934 ఆగస్టులో సోవియట్ రచయితల మొదటి మహాసభలో గోర్కీ డిటెక్టివ్ నవలను దుమ్మెత్తిపోశాడు. కడుపు నిండినవాళ్ళకు ప్రీతిపాత్రమైన యీ తిండి అర్ధాకలి కార్మికుడి దాకా పాకి, అతనిలో వర్గచైతన్యం ఎదగకుండా అడ్డుపడుతోందని ఆయన వాదన.

అదే 1934లో, గోర్కీ ఉపన్యాసానికి ఏడు నెలల ముందు, న్యూయార్కులో ఒక డిటెక్టివ్ నవల అచ్చయింది. దాన్ని రాసినవాడు తర్వాత కమ్యూనిస్టు అయ్యాడు, జైలుకు వెళ్ళాడు. మన చర్చకు చిక్కు అక్కడుంది.

నా సంగతి కూడా చెప్పుకోవాలి. నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. కొన్నేళ్ళ కిందట పరీక్షల ముందు పదో తరగతి కుర్రాడి వాచకం కింద డిటెక్టివ్ నవల దొరికితే లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. "యిందులో ఏముందిరా?" అన్నాను. "మీరు చదివారా సార్?" అన్నాడు వాడు, పొగరుగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. నేను చదవలేదు. అట్టమీది బొమ్మ చూసి తీర్పు చెప్పాను. మనలో చాలామంది విమర్శకులం యీ సాహిత్యం విషయంలో చేస్తున్న పని యిదే. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంటు రాజునీ తెలుగు పాఠకులు ఒక తరం పాటు చదివారు. ఆ పాఠకులు ఎవరు, అందులో వాళ్ళకు ఏం దొరికింది అని మనం ఎంతమందిమి అడిగాం?

గత వేసవిలో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు 'హార్ట్ టు హార్ట్' అనే పాత సీరియల్ డిస్కులు తెచ్చి యింట్లో పడేశాడు. నేనూ, నా భార్యా రాత్రిళ్ళు భోజనాలయ్యాక వాటిని చూశాం. ఆవిడ కూడా ఉద్యోగస్తురాలే. నాలుగో రోజు రాత్రో, ఐదో రోజు రాత్రో ఆవిడ వున్నట్టుండి, "ఏవండీ, వీళ్ళింట్లో గిన్నెలెవరు తోముతున్నారు?" అంది. "మాక్స్ అని ఒక ముసలాయన వున్నాడుగా" అన్నాను. "అదీ సంగతి" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ రాత్రి మా గిన్నెలు ఆవిడే తోమింది. యీ వ్యాసంలో నా సొంతమని చెప్పుకోదగ్గ ఆలోచన ఏదైనా వుంటే దానికి మూలం ఆవిడ ప్రశ్న.

చూడనివాళ్ళ కోసం కొంత వివరం. 'హార్ట్ టు హార్ట్' 1979 ఆగస్టు నుంచి 1984 మే దాకా అమెరికాలో ఏబీసీ సంస్థ ప్రసారం చేసిన సీరియల్. మొత్తం 110 భాగాలు. దీని సృష్టికర్తగా పేరు పడింది సిడ్నీ షెల్డన్‌కి. మన రైల్వే స్టేషన్ల పుస్తకాల బండ్ల మీద లావుపాటి నవలల రూపంలో కనిపించే ఆ షెల్డనే. ఆయన స్క్రిప్టును టామ్ మాంకివిచ్ తిరగరాసి, మొదటి కథకు దర్శకత్వం వహించాడు. నిర్మాణ బాధ్యత ఆరన్ స్పెల్లింగ్, లెనార్డ్ గోల్డ్‌బర్గ్‌లది. జొనథన్ హార్ట్ (రాబర్ట్ వాగ్నర్) అనాథగా పెరిగి, స్వయంకృషితో కోటీశ్వరుడై, హార్ట్ ఇండస్ట్రీస్ అనే మహా సంస్థకు అధిపతి అయినవాడు. భార్య జెన్నిఫర్ (స్టెఫనీ పవర్స్) పత్రికా రచయిత్రి. పిల్లలు లేరు. ఫ్రీవే అనే కుక్కపిల్ల వుంది. వంటా, కారూ, యిల్లూ చూసుకునే మాక్స్ (లయనల్ స్టాండర్) వున్నాడు. వీళ్ళు ఎక్కడికి వెళితే అక్కడ హత్య జరుగుతుంది. మొదటి కథలోనే, స్నేహితుడి చావు వెనక సంగతి తేల్చడానికి ధనికులు ఆరోగ్యం కోసం వెళ్ళే ఒక విలాస విడిదిలో మారుపేర్లతో చేరతారు.

పదార్థం యింతే. హాయిగా వుంటుందన్న మాట దాచను. ఆ భార్యాభర్తలు ఒకరినొకరు వెక్కిరించుకుంటారు, ఒకరి తెలివిని ఒకరు గౌరవించుకుంటారు. పెళ్ళయిన స్త్రీ పురుషులు స్నేహితులుగా వుండటాన్ని మన కథల్లోనే కాదు, మన యిళ్ళల్లో కూడా అరుదుగా చూస్తాం. నా భార్య ఆ సీరియల్‌ను చివరిదాకా చూడటానికి కారణం హత్యలు కాదు, అది. యీ ఆకర్షణను 'బూర్జువా భ్రమ' అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే మనం ఒక నిజమైన కోరికను కొట్టిపారేసినట్టు. ప్రేక్షకురాలి కోరిక తప్పు కాదు. ఆ కోరికను ఏ ధరకు అమ్ముతున్నారన్నదే ప్రశ్న.

ఆ ధర మాక్స్. పేర్లు పడేటప్పుడు వినిపించే గొంతు మాక్స్‌ది. గరగరలాడే గొంతు, న్యూయార్కు వీధుల యాస. ముందు తన యజమానిని పరిచయం చేస్తాడు. తర్వాత అమ్మగారిని, ఆమె అందాన్ని. అంతా అయ్యాక, అన్నట్టు మరిచాను అనే ధోరణిలో తన పేరు చెబుతాడు. వాళ్ళిద్దరినీ కనిపెట్టుకుని వుండటమే తన పని అంటాడు. యజమానుల్ని 'మిస్టర్ హెచ్', 'మిసెస్ హెచ్' అని పొడి అక్షరాలతో పిలుస్తాడు. యీ చనువు మనకు కొత్తది కాదు. పనిమనిషిని చూపించి "మా యింట్లో మనిషిలాగే" అంటూ, పండగపూట కూడా వంటింటి గడప అవతలే భోజనం పెట్టే యిళ్ళు మనకు తెలుసు. అక్కడ గడప కనిపిస్తుంది. సీరియల్‌లో గడప కనిపించకుండా చేశారు. మాక్స్ గుర్రప్పందేలు ఆడతాడు, పేకాడతాడు, చిక్కు విడదీయడంలో చెయ్యి కూడా వేస్తాడు. అతనికి జీతమెంతో, సెలవెప్పుడో, వొంట్లో బాగుండకపోతే అతన్నెవరు చూస్తారో కథకు అక్కర్లేదు.

భార్యాభర్తల మధ్య సమానత్వం నిలబడింది యీ మూడో మనిషి వీపు మీద. యింటిపని, పిల్లల పని, బతుకుతెరువు కోసం చేసే పని, యీ మూడూ తీసేస్తే మిగిలేది తీరిక. ఆ తీరికలో ఎవరైనా సరదాగా, సమానంగా వుండగలరు. జెన్నిఫర్ రచయిత్రే గానీ రాసి పంపాల్సిన గడువు ఆమెను తొందరపెట్టగా నేను ఎక్కువగా చూడలేదు. జొనథన్ పారిశ్రామికవేత్తే గానీ ఆ కర్మాగారాల్లో పనిచేసేవాళ్ళు తెరమీదికి దాదాపు రారు. యిక ఆ సమానత్వం కూడా అంత దిట్టమైనదేమీ కాదు: నేను చూసిన కథల్లో ఎన్నోసార్లు, దుండగులు ఎత్తుకుపోవడానికి జెన్నిఫరే దొరుకుతుంది.

యిదంతా ఏ కాలంలో? 1982 చివరికి అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. 1981 ఆగస్టులో సమ్మె చేసిన విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగులు పదకొండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. తీసేసినవాడు అధ్యక్షుడు రీగన్. ఆ ఏళ్ళలోనే వారం వారం యీ దంపతులు సొంత విమానంలో తిరుగుతూ నేరస్థుల్ని పట్టించారు. అక్కడ నేరం ఎప్పుడూ సంపద మీదికి బయటినుంచి వచ్చిపడుతుంది. దొంగలు, మోసగాళ్ళు, అసూయాపరులు, రహస్యాలు కాజేసే పోటీదారులు. సంపద మాత్రం అమాయకం. అది ఎలా పుట్టిందన్న కేసును ఏ డిటెక్టివూ చేపట్టడు.

యీ జంట డిటెక్టివ్ సంప్రదాయానికి మూలపురుషుడు సరిగ్గా ఆ కేసునే చేపట్టాడు. డాషియల్ హామెట్ 1915 నుంచి కొన్నేళ్ళు, మధ్యమధ్య మానుతూ, పింకర్టన్ డిటెక్టివ్ ఏజెన్సీలో పనిచేశాడు. యజమానుల తరఫున సమ్మెలు విచ్ఛిన్నం చెయ్యడానికి పేరుబడ్డ సంస్థ అది. డిటెక్టివ్ అంటే ఎవరి జీతగాడో అతనికి పుస్తకాల ద్వారా తెలియాల్సిన పని లేదు. 1929లో వచ్చిన 'రెడ్ హార్వెస్ట్'లో గనుల యజమాని సమ్మెను అణచడానికి గూండాలను పిలిపించి, చివరికి వూరినే వాళ్ళకు పోగొట్టుకుంటాడు. 1934 నాటి 'ద థిన్ మాన్' అతని ఆఖరి నవల. యిందులోని నిక్, నోరా ఛార్లెస్‌లే తర్వాత వచ్చిన డిటెక్టివ్ దంపతులు చాలామందికి మూలం.

నిక్ తండ్రి గ్రీసు నుంచి వలస వచ్చినవాడు. ఖారలాంబిడిస్ అన్న యింటిపేరు పొడుగైపోయిందని ఓడరేవులో అధికారి దాన్ని ఛార్లెస్‌గా కత్తిరించాడు. నోరాకు తండ్రి నుంచి కలప మిల్లు, చిన్న రైలుమార్గం, యింకా కొన్ని ఆస్తులు సంక్రమించాయి. డిటెక్టివ్ పని మానేసి నిక్ ఆ ఆస్తి లెక్కలు చూసుకుంటూ, 1932 క్రిస్మస్ రోజుల్లో న్యూయార్కు హోటల్లో పొద్దున్నే తాగడం మొదలుపెడతాడు. మద్యనిషేధ కాలం అది. తాను ఒకప్పుడు జైలుకు పంపిన మనిషి నడిపే దొంగ సారాయి దుకాణానికి భార్యను తీసుకెళతాడు. యీ తాగుడు సరదాగా మొదలై, చదవగా చదవగా మనసును కలతపెడుతుంది. పని పోయిన మనిషి తాగుడు అది, పెళ్ళాం ఆస్తికి గుమాస్తా అయిపోయినవాడి తాగుడు.

హత్య చేసినవాడు బయటి దొంగ కాదు. కుటుంబ ప్లీడరు. చంపేసిన మనిషి బతికే వున్నాడని అందరినీ నమ్మిస్తూ, అతని పేరు మీద డబ్బు లాగుతూ వుంటాడు. ఆస్తికి కాపలా కాయాల్సిన న్యాయశాస్త్రజ్ఞుడే హంతకుడు. ఆఖరి పేజీలో నిక్ హత్య ఎలా జరిగిందో వివరిస్తాడు. ఆ వివరణలో చాలా భాగం వూహే అని నోరా పసిగడుతుంది, యీ వ్యవహారం తనకు తృప్తినివ్వలేదని తేల్చి చెబుతుంది. నవల అక్కడ ఆగుతుంది. డిటెక్టివ్ నవల చివర భార్య అసంతృప్తితో నిలబడటం ఎంత అసాధారణమో ఆ రకం నవలలు పది చదివినవాళ్ళకు తెలుస్తుంది. 'హార్ట్ టు హార్ట్'లో ఏ భాగమూ అసంతృప్తితో ముగియదు. ముగిస్తే మధ్యలో సబ్బుల ప్రకటనలు యిచ్చినవాళ్ళు వూరుకోరు.

యిక్కడ రావిశాస్త్రి గుర్తుకు రాక మానడు. 'ఆరు సారా కథలు' కూడా మద్యనిషేధ కాలపు నేరప్రపంచమే. చట్టం ఎవరిని పట్టుకుంటుంది, ఎవరికి సలాం కొడుతుంది అన్నది ఆయనకు ప్లీడరుగా తెలుసు, హామెట్‌కు గూఢచారిగా తెలుసు. పోలిక యింతకు మించి లాగను. రావిశాస్త్రి సారా అమ్ముకునేవాళ్ళ పక్కన నుంచున్నాడు. హామెట్ యీ నవలలో ధనికుల హోటల్ గదిలో కూర్చుని రాశాడు.

తర్వాత జరిగిన కథ త్వరగా చెప్పొచ్చు. నవల వచ్చిన ఏడే ఎంజీఎం సినిమా తీసింది. విలియం పవెల్, మిర్నా లాయ్ నటించారు. స్క్రిప్టు రాసింది కూడా భార్యాభర్తలే, ఫ్రాన్సిస్ గుడ్రిచ్, ఆల్బర్ట్ హాకెట్. సరసం మిగిలింది, చేదు తగ్గింది. 1947 దాకా ఆరు సినిమాలు వచ్చాయి. ఐదో సినిమాకు వచ్చేసరికి నిక్ తండ్రి చిన్న పట్నంలో మర్యాదస్తుడైన డాక్టరు అయిపోయాడు. గ్రీసు వలస కూలీ చడీచప్పుడు లేకుండా మాయమయ్యాడు. వర్గమార్పిడి యింత సునాయాసంగా హాలీవుడ్‌లోనే జరుగుతుంది! 1957 నుంచి 1959 దాకా పీటర్ లాఫర్డ్, ఫిలిస్ కర్క్‌లతో టెలివిజన్‌లోకి వచ్చింది. 1971లో ఎన్బీసీలో 'మెక్‌మిలన్ అండ్ వైఫ్' మొదలైంది. యిక్కడ భర్త ఏకంగా శాన్‌ఫ్రాన్సిస్కో పోలీస్ కమిషనరు. శీర్షికలో భార్యకు పేరు కూడా లేదు, 'మరియు భార్య' అంతే. ఆ పాత్ర వేసిన సుసాన్ సెయింట్ జేమ్స్ ఒప్పందం కుదరక 1976లో తప్పుకుంటే, భార్య విమానప్రమాదంలో చనిపోయిందని చెప్పి, శీర్షికలో ఆ రెండు మాటలూ చెరిపేసి 'మెక్‌మిలన్'గా యింకో ఏడాది నడిపారు. అదే కార్యక్రమం కింద వంతులవారీగా వచ్చిన 'కొలంబో'ను దీని పక్కన పెట్టి చూడమని విద్యార్థులకు నా సలహా. నలిగిన వానకోటుతో, డొక్కు కారులో వచ్చే జీతగాడు పోలీసు, భవంతుల్లో వుండే హంతకుల్ని విసిగించి పట్టుకుంటాడు. అదే ఛానల్, అదే ప్రకటనదారులు. కాబట్టి మాధ్యమం ఎవరి చేతిలో వుందో చెప్పగానే అందులో వచ్చేదంతా చెప్పేసినట్టు కాదు.

బ్రిటన్‌లో యింకో శాఖ వుంది. అగాథా క్రిస్టీ 1922లోనే టామీ, టప్పెన్స్ అనే జంటను పుట్టించింది. ఆ మొదటి నవలలో వాళ్ళు యింకా పెళ్ళి చేసుకోలేదు; ఉద్యోగాలు లేని పడుచువాళ్ళు. వాళ్ళు ఛేదించే కుట్ర ఏమిటంటే, కార్మికుల అశాంతిని వాడుకుని దేశాన్ని బోల్షివిక్కుల పాలు చెయ్యాలన్నది. వాళ్ళ కథలను 1983లో బ్రిటిష్ టెలివిజన్ తీసింది. దీని గురించి యింతకన్నా చెప్పేదేం లేదు. శత్రువెవరో ఆవిడకు స్పష్టంగా తెలుసు.

హామెట్ దగ్గరికి మళ్ళీ వస్తాను. 1951లో కమ్యూనిస్టు నాయకులకు జామీను కట్టిన నిధికి అతను ధర్మకర్త. డబ్బు యిచ్చినవాళ్ళ పేర్లు చెప్పమని కోర్టు అడిగితే నోరు విప్పలేదు. కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల శిక్ష పడింది, సుమారు ఐదు నెలలు జైల్లో వున్నాడు. 1953 మార్చిలో సెనేటర్ మెకార్తీ పిలిపించి, కమ్యూనిజంతో పోరాడుతున్న ప్రభుత్వం తన గ్రంథాలయాల్లో కమ్యూనిస్టుల పుస్తకాలు పెట్టడం సబబేనా అని అడిగాడు. తానే గనక కమ్యూనిజంతో పోరాడుతుంటే జనానికి అసలు ఏ పుస్తకమూ యివ్వనని హామెట్ జవాబు. నిక్, నోరాలు టెలివిజన్‌లో చమత్కారాలు ఆడుతున్న ఆ రెండేళ్ళూ వాళ్ళను పుట్టించినవాడు పన్ను బకాయిల కింద నలిగి, జబ్బుపడి వున్నాడు. 1961 జనవరిలో చనిపోయాడు.

యిక మాక్స్. అంటే లయనల్ స్టాండర్. 1908లో న్యూయార్కు బ్రాంక్స్‌లో పుట్టాడు. సినిమా నటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్‌లో తొలి సభ్యుల్లో ఒకడు. 1938 నాటి ఒక హాస్య చిత్రంలో లిఫ్టు కోసం ఎదురుచూసే దృశ్యంలో ఏదో ఒక పాట ఈల వెయ్యమంటే 'యింటర్నేషనల్' గీతం ఈల వేశాడు. 1953 మేలో అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు నిలబడి, రాజ్యాంగాన్ని కూలదోస్తున్న ముఠా ఒకటి తనకు తెలుసనీ, విచారణ లేకుండా కళాకారుల పొట్ట కొడుతున్నవాళ్ళే ఆ ముఠా అనీ వాళ్ళ మొహానే చెప్పాడు. హాలీవుడ్ తలుపులు ఏళ్ళ తరబడి మూసుకుపోయాయి. షేర్ల దళారీగా బతికాడు, నాటకాలు ఆడాడు, యూరప్ వెళ్ళి సినిమాల్లో వేశాడు. డెబ్భై ఏళ్ళ వయసులో మాక్స్ పాత్ర దొరికింది. 1983లో దానికి గోల్డెన్ గ్లోబ్ బహుమతి వచ్చింది. అప్పుడు దేశాధ్యక్షుడెవరు? 1947 అక్టోబరులో అదే నటుల సంఘానికి అధ్యక్షుడిగా అదే విచారణ సంఘం ముందు అనుకూల సాక్ష్యం చెప్పిన రొనాల్డ్ రీగన్.

యీ సంగతి చెప్పినప్పుడు మా పెద్దాయన కొంత మెత్తబడ్డారు గానీ వాదన వదల్లేదు. "అయితే మాత్రం? ఆ ఈల వేసిన నోటితోనే కదా కోటీశ్వరుణ్ణి ప్రేక్షకులకు ముద్దుగా పరిచయం చేశాడు? స్పెల్లింగ్ దగ్గర జీతం పుచ్చుకోలేదా?" అన్నారు. పుచ్చుకున్నాడు. పదేళ్ళు తిండికి అడ్డం పడ్డ మనిషి ముసలితనంలో జీతం పుచ్చుకోవడాన్ని నేను తప్పుపట్టను; నెలనెలా జీతం తీసుకుంటూ యీ వ్యాసాలు రాసుకునే నాకు ఆ హక్కు లేదు. అలాగని స్టాండర్ వున్నాడు గనక సీరియల్ మనదైపోదు. నటుడి చరిత్రను తెచ్చి పాత్రకు అతికించడం విమర్శ కాదు. మాక్స్ పాత్రను ఎంత తిప్పి చూసినా అందులో తిరుగుబాటు కనిపించదు. కనిపించేది యింకొకటి. ఆ పాలరాతి యింట్లో, ఆ నునుపైన మాటల మధ్య, అతని గొంతు ఒక్కటే పనిచేసి అలసిన మనిషి గొంతు. నిర్మాతలు దాన్ని కొన్నది అందుకే, ఆ కోటీశ్వరుల్ని మామూలు మనుషులుగా నమ్మించడానికి. సామాన్యుడి గొంతు పూచీ పడితే తప్ప సంపద తనను తాను ప్రేమించదగ్గదిగా చూపించుకోలేకపోయింది. యీ అవసరం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది పరిశీలించాల్సిన విషయమని నేను మా పెద్దాయనతో అన్నాను. అది సీరియల్‌ను చూడకుండా తెలిసే విషయం కాదు.

ఆయన ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు మొదటి డిస్కు అడిగి పట్టుకెళ్ళారు. ఆ పదో తరగతి కుర్రాడి నవల యింకా నా బీరువాలోనే వుంది. యీ మధ్య తీసి చదివాను. అందులో హంతకుడెవరో ముప్ఫయ్యో పేజీలోనే పట్టేశాను, తప్పయింది.